పగుళ్ల కోసం ఢిల్లీ వెళ్లిన వారం

1984 డిసెంబరు 4 నుంచి 10వ తేదీ వరకు న్యూఢిల్లీలో ఆరవ అంతర్జాతీయ ఫ్రాక్చర్ మహాసభ జరిగింది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. హైదరాబాదులోని ఒక లోహ పరిశోధనాలయంలో చేరి మూడేళ్లు కావస్తోంది. సభకు వెళ్తున్నానని ఇంటికి ఉత్తరం రాస్తే, ఫ్రాక్చర్ అన్న మాటకు ఎముక విరగడం తప్ప మరో అర్థం ఎరగని మా నాన్నగారు, ఎముకల డాక్టర్ల సభకు మావాణ్ణి ఎందుకు పిలిచారో అంతుపట్టడం లేదని వీధి అరుగు మీద నలుగురితో అన్నారట. దీపావళికి ఇంటికి వెళ్లినప్పుడు, విరిగేది ఎముక కాదు, ఉక్కు అని వివరించాను. "విరగని ఉక్కు చేయాలి గానీ, విరిగే ఉక్కు మీద సభ ఏమిట్రా?" అన్నారు. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు.

జవాబు లేకపోవడానికి కారణం నా చదువే. ఇంజనీరింగ్ కాలేజీలో మేము చదివిన స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చాలా మర్యాద గల శాస్త్రం. అందులో దూలం ఎప్పుడూ తిన్నగా ఉంటుంది, లోహం అన్ని దిక్కులా ఒకే తీరుగా ఉంటుంది, ఎక్కడా మలినం గానీ రంధ్రం గానీ బీట గానీ ఉండవు. దూలం మీద పడే బరువు ఎంత, దానివల్ల లోపల పుట్టే ప్రతిబలం (స్ట్రెస్) ఎంత, ఆ ఉక్కు ఎంతవరకు ఓర్చుకుంటుందని పట్టికలో రాసి ఉంది, ఆ విలువను, జాగ్రత్త కోసం పెట్టుకునే ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అనే అంకెతో భాగిస్తే ఎంత మిగులుతుంది అని వరుసగా లెక్క వేసి, కింద రెండు గీతలు గీస్తే మార్కులు వచ్చేవి. ఆ భాగించే అంకె మూడే ఎందుకు కావాలి, రెండున్నర ఎందుకు చాలదు అని అడిగిన మా మిత్రుణ్ణి ఒక లెక్చరరు గారు క్లాసు బయట నిలబెట్టారు. నిలబెట్టడం అన్యాయమే గానీ, అడిగినవాడికీ అడిగించుకున్నవారికీ కూడా అది ఎంత పెద్ద ప్రశ్నో తెలియదు.

ఆ ప్రశ్నకు సగం జవాబు 1920లోనే ఇంగ్లండులో వచ్చింది. ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న గ్రిఫిత్ అనే ఇంజనీరు, గాజు ఎందుకు అంత సులువుగా పగులుతుందో చూడాలనుకున్నాడు. అణువుల మధ్య ఉండే పట్టును బట్టి లెక్క వేస్తే గాజుకు ఉండవలసిన బలం చాలా ఎక్కువ. నిజంగా లాగి చూస్తే అందులో ఏ నూరో వంతో మాత్రమే తేలుతుంది. ఆయన గాజును కరిగించి సన్నని పోగులుగా తీసి ఒక్కొక్కటిగా తెంపి చూశాడు. పోగు సన్నబడే కొద్దీ బలం పెరుగుతూ పోయింది. గాజులో కంటికి కనిపించని పగుళ్లు ముందే ఉన్నాయని, లావు ముక్కలో పెద్ద పగులు దాక్కోవడానికి చోటుంటుందని, సన్నని పోగులో ఉండదని ఆయన తేల్చాడు. పగులు సాగినప్పుడు విడుదలయ్యే శక్తి, కొత్త ఉపరితలాలు పుట్టడానికి కావలసిన శక్తి కన్నా ఎక్కువైతే పగులు తనంతట తానే పరుగెత్తుతుందని సమీకరణం రాశాడు. ఆ పత్రం రాయల్ సొసైటీ ముందుకు వచ్చేనాటికి ఆయన వయసు కూడా ఇరవై ఆరే. ఈ సంగతి తెలిసిన రోజున నేను అన్నం సరిగ్గా తినలేదు.

గ్రిఫిత్ చెప్పింది గాజుకు సరిపోయింది గానీ ఉక్కుకు నేరుగా సరిపోలేదు. ఉక్కు పగిలే ముందు పగులు కొస దగ్గర కాస్త సాగుతుంది, నలుగుతుంది, బోలెడంత శక్తిని మింగేస్తుంది. ఆ మింగుడును కూడా లెక్కలోకి తెచ్చి, పగులు కొస దగ్గర ఉండే తీవ్రతను 'కె' అనే ఒక్క అక్షరంతో చెప్పగలిగేలా చేసినవాడు అమెరికా నౌకాదళ పరిశోధనాలయానికి చెందిన జార్జి ఇర్విన్. ఆ 'కె' ఒక హద్దు దాటితే ముక్క విరుగుతుంది. ఆ హద్దు పేరే ఫ్రాక్చర్ టఫ్‌నెస్. తెలుగులో చెప్పవలసి వస్తే నేను ఓర్పు అంటాను. బలం వేరు, ఓర్పు వేరు. బాగా బలం ఉన్న ఉక్కుకు ఓర్పు తక్కువగా ఉండటం లోహశాస్త్రంలో తరచు ఎదురయ్యే చిక్కు. నా ఉద్యోగమంతా ఆ ఓర్పును కొలవడమే.

ఈ పగుళ్ల వాళ్లందరినీ ప్రపంచవ్యాప్తంగా ఒకచోట చేర్చే సభను మొదలుపెట్టింది జపాన్‌కు చెందిన తకేఓ యోకోబొరి. మొదటి సభ 1965లో సెండాయ్ నగరంలో జరిగింది. తర్వాత నాలుగేళ్లకోసారి బ్రైటన్, మ్యూనిక్, కెనడాలోని వాటర్లూ, ఫ్రాన్సులోని కాన్ నగరాలు తిరిగి, ఆరవది మన దేశానికి వచ్చింది. సెండాయ్ తర్వాత ఆసియాలో జరగడం అదే మొదలు. ఆ సభ నిర్వహణలోనూ, తర్వాత వచ్చిన పత్రాల సంపుటాల సంపాదకులలోనూ ఇద్దరు తెలుగువారు ముందు వరుసలో ఉండటం మాకు గర్వంగా ఉండేది: బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీని దాదాపు రెండు దశాబ్దాలు నడిపిన వల్లూరి సీతారామారావుగారు ఒకరు, అప్పుడు హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం డీఎంఆర్ఎల్‌కు డైరెక్టరుగా ఉన్న పల్లె రామారావుగారు మరొకరు. వారితో నేను మాట్లాడిందేమీ లేదు. దూరం నుంచి చూశాను, అంతే.

మా పత్రం గురించి రెండు మాటలు చెప్పాలి. అది మా గైడు గారి పేరు మీదా నా పేరు మీదా ఉంది. ఒక అధిక బలం గల ఉక్కును గది ఉష్ణోగ్రత నుంచి ద్రవ నైట్రోజన్ చల్లదనం వరకు, అంటే మైనస్ 196 డిగ్రీల వరకు, అంచెలంచెలుగా చల్లార్చుతూ దాని ఓర్పు ఎలా తగ్గిపోతుందో కొలిచాము. పరీక్ష ముక్క ముప్పై మిల్లీమీటర్ల చదరం, పన్నెండున్నర మిల్లీమీటర్ల మందం. అగ్గిపెట్టె కన్నా చిన్నది. దానికి ఒక పక్క నుంచి గాడి కోసి, యంత్రంలో బిగించి, వేల సార్లు లాగుతూ వదులుతూ ఉంటే ఆ గాడి కొస నుంచి వెంట్రుక లాంటి పగులు పుడుతుంది. పగులు కావలసినంత పొడవు సాగాక, అసలు పరీక్షలో ముక్కను ఒకేసారి విరిగేదాకా లాగాలి. యంత్రం నడిపే పెద్దాయన పక్కనే నిలబడి, "బాబూ, గ్రాఫు తర్వాత చూద్దువు గానీ, ఇప్పుడు చెవి పెట్టు" అనేవాడు. పూర్తిగా విరగక ముందు, పగులు ఒక్క అడుగు ముందుకు దూకినప్పుడు, లోపలి నుంచి 'టిక్' అని చిన్న శబ్దం వచ్చేది. పెన్ను గ్రాఫు కాగితం మీద చిన్న మెట్టు దిగడం, ఆ శబ్దం రావడం ఒకేసారి జరిగేవి. ఆయన చదివింది ఎనిమిదో తరగతే గానీ, ఏ ముక్క ఎప్పుడు పలుకుతుందో మా అందరికన్నా ముందు ఆయనకే తెలిసేది.

పత్రాన్ని నిర్వాహకులు పంపిన గీతల కాగితాల మీద టైపు చేయాలి. నీలి గీత దాటితే తిప్పి పంపుతారని భయం. సిగ్మాలు, ఆల్ఫాలు టైపు మిషనులో ఉండవు కనుక ఖాళీలు వదిలి, నల్ల సిరాతో చేత్తో దిద్దాను. నా చేతిరాత మీద గైడు గారికి మా నాన్నగారికున్నంత నమ్మకమే ఉండటంతో, మూడుసార్లు దిద్దించారు. పత్రం ఆమోదం పొందాక కూడా నా ప్రయాణపు అనుమతి కాగితం ఒక కార్యాలయంలో బల్ల నుంచి బల్లకు తిరుగుతూ నెలన్నర గడిపింది. అది చేతికి వచ్చేనాటికి రైల్లో బెర్తులు లేవు. ఇద్దరం ఒక బెర్తు మీద సర్దుకుని వెళ్లాము.

డిసెంబరు 1 రాత్రి మా రైలు భోపాల్‌లో ఆగింది. చలికి నిద్ర పట్టక ప్లాట్‌ఫారం మీదికి దిగి, మట్టి ముంతలో టీ తాగుతూ నిలబడ్డాను. పొడవాటి పిడి ఉన్న సుత్తి పట్టుకుని ఒక రైల్వే మనిషి పెట్టె పెట్టెకూ ఆగుతూ, చక్రాల మీద ఒక్కో దెబ్బ వేస్తూ, తల కాస్త వంచి వింటూ వెళ్తున్నాడు. మంచి చక్రం ఖంగున పలుకుతుంది. పగులున్న చక్రం మొద్దుగా పలుకుతుంది. మా అమ్మమ్మ సంతలో కుండలు కొనేటప్పుడు చేసే పని అచ్చంగా ఇదే. కుండను ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో మూడు చోట్ల కొట్టి, మోత నచ్చకపోతే కుమ్మరి ఎంత బతిమాలినా పక్కన పెట్టేసేది. కుండ ఎంత బరువు మోస్తుందని ఆమె ఎప్పుడూ అడగలేదు. బీట ఉందా లేదా అన్నదొక్కటే ఆమెకు కావాలి. మూడేళ్లుగా నేను కొలుస్తున్నది ఏమిటో భోపాల్ ప్లాట్‌ఫారం మీద, ఆ సుత్తి మోతలో, నాకు మొదటిసారి సూటిగా అర్థమైంది.

మర్నాడు ఢిల్లీ చేరాము. ఆ మర్నాటి ఉదయం, 3వ తేదీన, రేడియోలో భోపాల్ పేరు వినిపించింది. మేము దాటి వచ్చిన ఇరవై నాలుగు గంటలకే ఆ ఊళ్లో విషవాయువు వ్యాపించింది. స్టేషను పరిసరాలు కూడా ఆ గాలిలో చిక్కుకున్నాయని పత్రికల్లో చదివినప్పుడు నాకు టీ అమ్మినవాడు, సుత్తి పట్టుకున్న మనిషి గుర్తొచ్చారు. వాళ్లేమయ్యారో తెలుసుకునే దారి నాకు లేదు.

ఆ డిసెంబరులో ఢిల్లీ మామూలు ఢిల్లీ కాదు. ఇందిరా గాంధీ హత్య జరిగి నెల దాటిందంతే. ఆ తర్వాతి రోజుల్లో సిక్కుల మీద జరిగిన దారుణాల గుర్తులుగా కొన్ని వీధుల్లో కాలిన దుకాణాలు అలాగే ఉన్నాయి. నెలాఖరులో లోక్‌సభ ఎన్నికలు. గోడల నిండా రాతలు. ఆంధ్రభవన్‌లో భోజనానికి వెళ్తే, ఆగస్టులో ఎన్టీ రామారావుగారిని దించి సెప్టెంబరులో మళ్లీ ఎక్కించిన కథే ప్రతి బల్ల దగ్గరా నడుస్తోంది. పప్పు, గోంగూర పచ్చడి, పక్క బల్ల మీద రాజకీయం ఉండగా, మర్నాడు ఇంగ్లీషులో చదవవలసిన పత్రం గురించి భయపడటం నాకు కొంత తేలికైంది. పరదేశీ అతిథులు కొందరు నన్ను పక్కకు పిలిచి ఊరు ఇప్పుడు సురక్షితమేనా అని మెల్లగా అడిగేవారు. నాకు తెలిసిన ఢిల్లీ, వారికి తెలిసినదానికన్నా ఎక్కువేమీ కాదు.

సభలో ఒకేసారి అనేక గదుల్లో ప్రసంగాలు జరిగేవి. కాంక్రీటు పగిలే తీరు ఒక గదిలో, ఎముక పగిలే తీరు ఇంకో గదిలో. మా నాన్నగారి అనుమానం మరీ అంత తప్పు కాదని అక్కడే తెలిసింది. నేను ఎక్కువగా వెళ్లింది ఉక్కు, విమాన లోహాల గదులకు. మాకు పుస్తకంలో ఒక వాక్యంగా ఉన్న విషయాలు అక్కడ ఛాయాచిత్రాలుగా తెర మీద కనిపించాయి. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, గాలీ వానా లేకుండా, కట్టేసి ఉన్న షెనెక్టడీ అనే కొత్త చమురు నౌక ఉన్నట్టుండి నడుముకు రెండుగా పగిలిపోయింది. ఆ మోత మైలు దూరం వినిపించిందంటారు. యుద్ధకాలంలో హడావుడిగా వెల్డింగుతో కట్టిన నౌకలు మరికొన్ని కూడా చల్లని సముద్రాల్లో అలాగే చీలాయి. పూర్వపు నౌకల్లో రివెట్లతో కలిపిన పలకలు విడివిడిగా ఉండేవి కనుక ఒక పలకలో పుట్టిన పగులు ఆ పలక అంచున ఆగేది. వెల్డింగుతో నౌక మొత్తం ఒకే పలక అయిపోయింది, పగులుకు అడ్డు లేకుండా పోయింది. అయితే తప్పు వెల్డింగుదే కాదని, ఆ ఉక్కే చలిలో పెళుసవుతోందని కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త నిరూపించింది. మా పత్రంలోని గ్రాఫు ఆమె వేసిన బాటలో నలభై ఏళ్ల తర్వాత వేసిన ఒక చిన్న అడుగు. ఆ మాట పత్రంలో రాయాలని ఎవరికీ తోచలేదు, రాసి ఉండవలసింది.

విమానాల గదిలో కామెట్ కథ విన్నాను. 1954 జనవరిలో ఎల్బా ద్వీపం దగ్గర ఒకటి, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర ఒకటి, రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే విచ్ఛిన్నమై సముద్రంలో పడ్డాయి. కారణం వెతకడానికి ఫార్న్‌బరోలోనే, అంటే గ్రిఫిత్ గాజు పోగులు తెంపిన చోటే, మరో కామెట్ విమానం మొండేన్ని పెద్ద నీళ్ల తొట్టిలో ముంచి, లోపలి నీటి పీడనాన్ని ఎక్కిస్తూ దించుతూ, ప్రయాణం తర్వాత ప్రయాణంగా అభినయం చేయించారు. అది అంతకుముందు ఎగిరినవీ తొట్టిలో ఎగిరినట్టు చేసినవీ కలిపి మూడు వేల పైచిలుకు ప్రయాణాల దగ్గర, కిటికీ మూల నుంచి పగులు సాగి చీలిపోయింది. మూలలున్న చోట ప్రతిబలం పోగుపడుతుందని లెక్కల్లో అప్పటికే తెలుసు. ఎంత పోగుపడుతుందో, అది రోజూ కొంచెం కొంచెంగా లోహాన్ని ఎలా తినేస్తుందో తెలియడానికి ఆ విమానాలు పడవలసి వచ్చింది. ఆ ప్రసంగం అయ్యాక టీ విరామంలో నా పక్కనున్న పరిశోధకుడు ఒకరు తన తిరుగు ప్రయాణపు విమానం టికెట్టును తీసి చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకోవడం గమనించాను.

నా వంతు మూడోరోజు మధ్యాహ్నం వచ్చింది. గైడు గారు అదే సమయంలో వేరే గదిలో ఉండవలసి రావడంతో వేదిక నాకే దక్కింది. పది నిమిషాలు చెప్పాలి, ఐదు నిమిషాలు ప్రశ్నలు. స్లైడును ప్రొజెక్టరు పళ్లెంలో తలకిందులుగా పెడితేనే తెర మీద తిన్నగా పడుతుంది; కంగారులో నేను ముఖ్యమైన గ్రాఫును తిన్నగా పెట్టేశాను. తెర మీద అంకెలన్నీ శీర్షాసనం వేశాయి. విచిత్రమేమంటే గీత మాత్రం ఎప్పటిలాగే ఎడమ నుంచి కుడికి పైకే ఎక్కుతోంది. పెరిగే గీతను పూర్తిగా తిప్పేసినా అది పెరిగే గీతగానే ఉంటుందని నేను అంతకుముందు ఎన్నడూ గమనించలేదు. "ఫలితం ఎటునుంచి చూసినా ఒకటే" అని నోట్లోంచి ఒక మాట జారింది. సభ నవ్వింది. ఆ నవ్వుతో మిగతా ఏడు నిమిషాలు గడిచిపోయాయి.

ప్రశ్నల సమయంలో వెనక వరుస నుంచి ఒక ఇంగ్లీషు పెద్దమనిషి లేచాడు. తెల్ల జుట్టు, మోచేతుల దగ్గర తోలు అతుకులున్న కోటు. పగులు పొడవును ఎక్కడ కొలిచారని అడిగాడు. పరీక్ష జరిగేటప్పుడు ముక్క రెండు పక్కలా సూక్ష్మదర్శినితో చూసి కొలిచి, సగటు తీసుకున్నామని ధీమాగా చెప్పాను. ఆయన ఇంకేమీ అనకుండా తల ఊపి కూర్చున్నాడు. ఆ తల ఊపడం నాకు నచ్చలేదు. ప్రసంగం అయ్యాక నడవాలో ఆయన్ను వెతికి పట్టుకున్నాను. చూపించడానికి నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది; విరిగిన ముక్క రెండు భాగాలనూ దూదిలో చుట్టి కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఆయన మొదట అడిగింది ముక్క గురించి కాదు. "జేబులోనా?" అన్నాడు. చెమట తగిలితే విరిగిన ముఖానికి తుప్పు పడుతుంది, వేలిముద్ర కూడా చెరిపేస్తుంది, దాన్ని తేమ లేని గాజు పాత్రలో ఉంచాలి అని, కసురుకోకుండా, పిల్లవాడికి పలక పట్టుకోవడం నేర్పినట్టు చెప్పాడు. నేను రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి, ఎలా విరిగిందో చూపించబోయాను. ఆయన చప్పున నా మణికట్టు పట్టుకుని ఆపాడు. విరిగిన రెండు ముఖాలనూ ఎన్నడూ తిరిగి కలిపి చూడకూడదు. కలిపితే వాటి మీదున్న సూక్ష్మమైన గుంటలు, గట్లు నలిగిపోయి, విరగడం ఎలా జరిగిందో చెప్పే రాత చెరిగిపోతుంది. విరిగినదాన్ని మళ్లీ అతికించి చూడాలనిపించడం మనిషి నైజమనీ, ఈ వృత్తిలో ముందు మానుకోవలసింది అదేననీ అన్నాడు.

తర్వాత తన జేబులోంచి చిన్న భూతద్దం తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నా ముక్క ముఖాన్ని వెలుతురుకు వాలుగా పట్టాడు. మొదట యంత్రం కోసిన గాడి గీతలు. తర్వాత నెమ్మదిగా సాగిన పగులు పట్టీ, పట్టుబట్ట లాగా నునుపుగా. ఆపైన ఒక్కసారిగా విరిగిన భాగం, విరిచిన బెల్లం ముక్కలా గరుకుగా, మెరుస్తూ. నునుపుకూ గరుకుకూ మధ్య హద్దు తిన్నని గీత కాదు. బొటనవేలి గోరు అంచులా వంపు తిరిగి ఉంది: మధ్యలో ముందుకు చొచ్చుకుపోయి, రెండు పక్కలా వెనకబడి. పక్కల నుంచి కొలిచిన నాకు కనిపించింది పగులు వెనకబడిన కొసలు మాత్రమే. లోపల అది ఇంకా ముందుకు పోయింది. ముక్క విరిగాక మధ్యలోనూ, రెండు పావు మందాల దగ్గరా, మూడు చోట్ల కొలిచి సగటు తీయాలన్న నియమం పరీక్షా ప్రమాణాల్లో ఉంది. నేను చదివాను కూడా. ఆ మూడు కొలతలతో వచ్చే తేడా ఎంతలే అనుకుని వదిలేశాను. పగులు పొడవును తక్కువగా లెక్కేస్తే ఓర్పు విలువ కూడా తక్కువగా తేలుతుంది. కనుక నా ఉక్కు నిజానికి నేను చెప్పినదానికన్నా కాస్త మెరుగే. "తప్పు చేస్తే ఇటువైపే చేయాలి, మనుషులు చావరు" అన్నాడు ఆయన. ఆ మాట అన్నాక, భోపాల్ వార్త ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చిందేమో, కాసేపు మాట్లాడలేదు.

సభ మధ్యలో ఖాళీ దొరికిన ఒక మధ్యాహ్నం, జపాన్ నుంచి వచ్చిన ఒక యువ పరిశోధకుడూ నేనూ మరో ఇద్దరూ ట్యాక్సీ మాట్లాడుకుని కుతుబ్ మినార్ దగ్గరికి వెళ్లాము. అక్కడి ఇనుప స్తంభం గురించి చిన్నప్పటి నుంచి విన్నదే. పదహారు వందల ఏళ్లు, ఏడు మీటర్లకు పైగా ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు, తుప్పు పట్టదు. అప్పట్లో దాని చుట్టూ కంచె లేదు. కంచె 1997లో వచ్చింది. స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చాచి, వేళ్లు కలిస్తే అనుకున్నది నెరవేరుతుందని జనం వరసగా నిలబడి ప్రయత్నిస్తున్నారు. ఎన్ని వేల మంది వీపులు రాసుకున్నాయో, ఆ ఎత్తున ఇనుము గచ్చకాయ రంగులో నిగనిగలాడుతోంది. నా వేళ్లు కలవలేదు. జపాన్ మిత్రుడు ఆ వరసలో నిలబడలేదు. స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగి, తల ఎత్తి, నన్ను పిలిచాడు.

నిలువెత్తుకు రెట్టింపు పైన స్తంభానికి ఒక పక్క సొట్ట ఉంది. ఏదో ఫిరంగి గుండు తగిలిన గుర్తు అది; నాదిర్ షా సైన్యం కొట్టిందని కొందరంటారు. సొట్టను అందరూ చూస్తారు. అతను చూపించింది దానికి సరిగ్గా ఎదురు వైపు: అక్కడ అడ్డంగా చీలికలు ఉన్నాయి. గుండు ఒకవైపు తగిలినప్పుడు స్తంభం ఆ దెబ్బకు వంగబోయింది; దెబ్బ తగిలిన వైపు నొక్కుకుపోయింది, ఎదురు వైపు సాగింది. లోహం నొక్కుడును ఓర్చుకుంటుంది, సాగుడుకే చీలుతుంది. ఆ చీలికలు కొంత దూరం పోయి ఆగిపోయాయి. ఎర్రగా కాల్చిన ఇనుప ముద్దలను ఒకదానితో ఒకటి సుత్తులతో కొట్టి అతికించుకుంటూ పోయి చేసిన స్తంభం అది. ఆ అతుకులు గాజులా ఒకే జాతి పదార్థం కావు; పగులు నేరుగా పరుగెత్తే దారి వాటిలో ఉండదు. ఇద్దరం తలలెత్తి మెడలు నొప్పి పుట్టేదాకా ఆ చీలికల కొసలు ఎక్కడ ఆగాయో వేళ్లతో గాలిలో గీసుకుంటూ నిలబడితే, వరసలో ఉన్న జనం మా వైపు జాలిగా చూశారు.

ఆ స్తంభానికి తుప్పు పట్టకపోవడానికి అందులో ఎక్కువగా ఉన్న భాస్వరం ముఖ్య కారణమని తర్వాతి కాలంలో ఐఐటీ కాన్పూరు ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం గారి పరిశోధనలు విపులంగా చెప్పాయి. మా లోహశాస్త్రంలో మాత్రం భాస్వరం దొంగల జాబితాలో ఉంటుంది. అది ఇనుమును చలిలో పెళుసు చేస్తుంది కనుక ఉక్కు తయారీలో దాన్ని వీలైనంత తరిమేస్తారు. తుప్పు నుంచి కాపాడేదీ అదే, పగులుకు తలుపు తీసేదీ అదే. తిరుగు ప్రయాణంలో జపాన్ మిత్రుడు డమాస్కస్ కత్తులకు వాడిన వూట్జ్ ఉక్కు మీ వైపుదే కదా అని అడిగాడు. వూట్జ్ అనే మాట మన ఉక్కు అన్న మాటలోంచే పుట్టిందనీ, నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో చేసిన ఆ ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారనీ చెప్పాను. 'ఉక్కు' అని అతను నాలుగైదుసార్లు పలికి చూసుకున్నాడు. చివరి ద్విత్వం అతనికి బాగా వచ్చింది.

హైదరాబాదు తిరిగి వచ్చాక చేసిన మొదటి పని పరీక్షించిన ముక్కలన్నింటినీ పెట్టెలోంచి తీసి, మళ్లీ మూడేసి చోట్ల కొలవడం. విలువలు అన్నీ కాస్త పెరిగాయి. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మా నాన్నగారి ప్రశ్నకు జవాబు చెప్పాను: విరగని ఉక్కు అంటూ లేదు నాన్నగారూ, ఎంత పగులు వరకు విరగకుండా ఉంటుంది, ఆ పగులు అంత కావడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఈలోగా దాన్ని మనం కనిపెట్టగలమా, ఇదీ మా సభ. "అంటే మీ అమ్మమ్మ కుండ" అన్నారు ఆయన. దానికి ఇంత దూరం వెళ్లాలా అన్న చూపు కూడా చూశారు.

భోపాల్ గురించి సాంకేతిక నివేదికలు చదివింది ఆ తర్వాతి ఏళ్లలో. దాదాపు నలభై టన్నుల మిథైల్ ఐసోసైనేట్ అనే విషరసాయనం ఉన్న ఆ కర్మాగారపు ట్యాంకులోకి నీరు చేరి, లోపల ఉష్ణోగ్రత 200 డిగ్రీలు దాటి, పీడనం దాన్ని తయారుచేసినప్పుడు ఊహించిన హద్దులకు మించిపోయింది. ట్యాంకు మీద కప్పిన కాంక్రీటు పగిలింది. ఉక్కు ట్యాంకు పగల్లేదు. వాయువు రిలీఫ్ వాల్వు తెరుచుకుని గొట్టాల గుండా బయటికి పోయింది. దాన్ని చల్లార్చవలసిన శీతలీకరణ యంత్రం ఆపేసి ఉంది, కాల్చవలసిన మంట గొట్టం పనిలో లేదు. మా శాస్త్రం ప్రకారం ఆ ట్యాంకు పరీక్ష నెగ్గింది. ఆ పేజీ చదివాక పుస్తకం మూసి, ఆ సాయంత్రం మరే పనీ చేయలేకపోయాను.

తర్వాత సభలు చాలా చూశాను. 2012 ఆగస్టులో బెంగళూరులో పదహారవ అంతర్జాతీయ పదార్థ బల మహాసభ జరిగినప్పుడు జుట్టు నెరిసిన వరుసలో కూర్చున్నాను. 1967లో టోక్యోలో మొదలైన ఆ సభలో మాట్లాడేది ఎక్కువగా లోహం లోపలి స్ఫటికాల సంగతి, అణువుల వరసల్లోని లోపాల సంగతి. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని స్తంభాలను చెక్కి, నొక్కి చూసేవారి సభ అది. సన్నబడే కొద్దీ బలం పెరుగుతుందని వారు చూపిస్తుంటే గాజు పోగులు గుర్తొచ్చాయి. కారణాలు వేరు గానీ గీత అదే. స్లైడ్లు తలకిందులయ్యే కాలం పోయింది. ప్రతి ఒక్కరి గీతలూ రంగుల్లో, కదులుతూ ఉన్నాయి. గీత గీయడానికి పడ్డ తిప్పలు మాత్రం వాటిలో కనిపించవు. ఇది నా వయసు మాట్లాడించిన మాట కావచ్చు.

ఆ సభలో మా వైపు అమ్మాయి ఒకామె, పీహెచ్‌డీ విద్యార్థిని, భోజనాల దగ్గర తెలుగు విని పలకరించింది. మాటల్లో ఢిల్లీ సభ ప్రస్తావన వస్తే, నా సంచిలోంచి చిన్న సీసా తీసి చూపించాను. అందులో తేమ పీల్చే సిలికా గుళికల మధ్య ఆ పాత ముక్కలు రెండూ ఉన్నాయి. జేబులో తిరిగిన నాటి తుప్పు చుక్క ఒకటి ఒక మూలన అలాగే ఉంది. ఆమె ముఖాలను తాకకుండా, అంచులు పట్టుకుని ఒక ముక్కను బయటికి తీసి, కిటికీ వెలుతురుకు వాలుగా పట్టింది. రెండో ముక్కను దానికి ఆనించి చూస్తుందేమోనని నా చెయ్యి అసంకల్పితంగా ముందుకు వెళ్లింది గానీ, ఆమె ఆనించలేదు. కాసేపు చూసి, "పగులు ముందంచు బాగా వంపు తిరిగింది కదా సార్, పొడవు ఎన్ని చోట్ల కొలిచారు?" అంది.

"ఢిల్లీ వెళ్లక ముందు రెండు చోట్ల, వచ్చాక మూడు చోట్ల" అన్నాను.